కదలుబొమ్మల పుస్తకములు బిడ్డల చేతి కీయదగునా?

పుస్తకమును గూర్చి పెద్దలు బాలురకు చెప్పు హితవులలో మొదటిది దానిని పదిలముగ పట్టుకొనుమనుట. అట్ట విరువరాదు, పుట మడువరాదు, వ్రేలు తడిచేసి ఆకు త్రిప్పరాదు. హితవు మంచిదే. కాని లాగుటకును, ఎత్తుటకును, త్రిప్పుటకును, మడుచుటకునే పుట్టిన పుస్తకముల జాతి యొకటి కలదు. పుట తెరచినంతనే కాగితపు కోట లేచి నిలుచును. అంచుననున్న పట్టీని లాగినంతనే బొమ్మలోని మనుష్యుడు టోపీ యెత్తి నమస్కరించును. తలుపు బొమ్మ నెత్తినచో దాని వెనుక ఎలుగుబంటి కానవచ్చును. వీనిలో లేచి నిలుచువానిని ఇంగ్లీషువారు పాప్-అప్ పుస్తకములందురు. మేమీ వ్యాసమున ఆ జాతి నంతటిని కదలుబొమ్మల పుస్తకములని వ్యవహరింతుము.

ఇట్టి పుస్తకమొకటి పాఠశాలకు కానుకగ వచ్చినప్పు డేమి జరుగునో మన చదువరులలో పెక్కురెరుగుదురు. మొదటి దినమున ఉపాధ్యాయులందరు దానిని తెరచి చూచి యానందింతురు. రెండవ దినమున అది గ్రంథాలయపు టద్దపు బీరువాలో చేరును. ఆ పిమ్మట ఎవరేని పెద్దలు బడి చూడవచ్చినప్పుడే తాళము తీయబడును. పిల్లల వంతు వచ్చినపుడు ఉపాధ్యాయుడు దానిని రెండు చేతులతో నెత్తిపట్టి పుటలు త్రిప్పుచుండగా, నలువదిమంది బాలురు బల్లలపైనుండి మెడలు సాచి చూతురు. ముట్టుకొనుట కెవరికిని సెలవు లేదు. ఇండ్లలోను కథ ఇంచుమించుగ నిదియే. మేనమామ విదేశమునుండి తెచ్చిన బొమ్మల పుస్తకము అలమరలోని పై యర చేరును; "పెద్దవాడవైన తరువాత చూతువుగాని" యను వాగ్దానము బిడ్డకు దక్కును. పెద్దవాడైన తరువాత వానికి దానిపై కోరిక యుండదు.

ఈ యాచారము సరియైనది కాదని మా యభిప్రాయము. దీనిని సమర్థించువారు, ఇవి నిజమైన పుస్తకములు గావు, ఆటవస్తువులని యొకమారును, పిల్లల చేతులలో ఇవి నిలువవని యొకమారును చెప్పుదురు. రెండవ మాటలో నిజము కలదు. దాని సంగతి పిమ్మట చెప్పెదము. మొదటి మాట మాత్రము చరిత్ర నెరుగని మాట.

కాగితమును కదలించు నేర్పు పిల్లల గదిలో పుట్టలేదు. మఠములలోను, పండితుల బల్లలపైనను పుట్టినది. పదుమూడవ శతాబ్దమున ఇంగ్లండులోని సెంట్ ఆల్బన్సు మఠమున మాథ్యూ పారిస్ అను సన్యాసి ఈస్టరు పండుగ తిథిని గణించుటకై తన చరిత్రగ్రంథమున తిరుగు చక్రమును చేర్చెను. ఆ శతాబ్దముననే మయోర్కా ద్వీపవాసియగు రామోన్ ల్యుల్ ఒకదానిపై నొకటి తిరుగు చక్రములపై అక్షరములు వ్రాసి, వానిని త్రిప్పుచు తర్కమున వాదములను కూర్చు పద్ధతిని కల్పించెను. 1540లో జర్మనీలోని ఇంగోల్‌స్టాట్ నగరమున పీటర్ అపియాన్ ప్రకటించిన ఖగోళగ్రంథమున పుటలకు కూర్చిన కాగితపు చక్రములను త్రిప్పి గ్రహముల స్థానములను తెలిసికొనవచ్చును. అయిదవ చార్లెసు చక్రవర్తి పేర వెలసిన ఆ గ్రంథమును ఆటవస్తువని యెవరును వెక్కిరించి యుండరు.

ఈ పండిత గ్రంథములలో మన బాలురు తప్పక తెలిసికొనదగినది మరియొకటి కలదు. 1570లో లండనులో జాన్ డే అను ముద్రాపకుడు యూక్లిడు రేఖాగణితమునకు తొలి సంపూర్ణాంగ్లానువాదమును వెలువరించెను. అనువాదకుడు హెన్రీ బిల్లింగ్స్‌లీ యను వర్తకుడు. ఈతడే పిమ్మట లండను నగరమునకు లార్డు మేయరయ్యెను. ఆ గ్రంథమున పదునొకండవ భాగమునందు ఘనరూపములు ప్రారంభమగును. అంతవరకు రేఖలు, త్రిభుజములు, వృత్తములు కాగితముపైననే పరుండియుండును. అచ్చటినుండి యవి కాగితమును విడిచి పైకి లేవవలెను. ఈ చిక్కు మన పై తరగతి విద్యార్థులకు బాగుగ తెలియును. నల్లబల్లపై గీసిన పిరమిడు పిరమిడువలె నుండదు. ఏ గీత ముందున్నదో, ఏది వెనుకనున్నదో పోల్చుకొనుటకే సగము పీరియడు గడచిపోవును. తక్కిన సగము ఉపాధ్యాయుని చేతి వంకరనుగూర్చి నవ్వుకొనుటతో సరిపోవును. బిల్లింగ్స్‌లీ గ్రంథమున ఇట్టి పటముల పైన చిన్న కాగితపు త్రిభుజము లంటింపబడినవి. చదువువాడు వానిని వ్రేళ్లతో నెత్తి మొనలు కలిపినచో పుటపైననే పిరమిడు నిలుచును. వ్రేళ్లు తీసినచో మరల చదునై పుస్తకములో నణగును. ఆ ముక్కలను అచ్చుయంత్ర మంటింపలేదు. ఒక్కొక ప్రతికిని మనుష్యులు చేతులతో కత్తిరించి యంటించిరి. మాటలతో చెప్పినను, గీతలతో చూపినను బోధపడనిది వ్రేళ్లకు బోధపడునని వారెరిగిరి. కదలుబొమ్మల చరిత్ర యంతటిలోను ఈ చిన్న పనినే మేము మిన్నగ నెంచుచున్నాము. దీని తరువాత వచ్చిన కాగితపు కోటలును, రాజహంసలును, రాక్షసబల్లులును ఎంత ఘనమైనవైనను, ఈ నాలుగు త్రిభుజముల సంతతియే.

వైద్యులును ఇదే త్రోవ పట్టిరి. 1543లో ఆండ్రియాస్ వెసేలియస్ బాసెల్ నగరమున తన శరీరశాస్త్ర మహాగ్రంథముతోపాటు విద్యార్థుల కొరకు సంక్షేపగ్రంథమొకటి ప్రకటించెను. అందు కొన్ని పటములు కత్తిరించుటకే యచ్చొత్తబడినవి. విద్యార్థి లోపలి యవయవముల బొమ్మలను కత్తెరతో కోసి, ఒకదానిపై నొకటి యంటించి, మానవశరీరమును పొరలు పొరలుగ తానే కూర్చుకొనవలెను. గ్రంథకర్తయే చదువరి చేతికి కత్తెర నిచ్చెను! పుస్తకమునకు కత్తెర సోకుట మహాపరాధమని నమ్ము మన గ్రంథాలయాధికారులకు ఈ సంగతి కొంత కలవరము కలిగించినను మేము చేయగలిగినదేమియు లేదు.

కావున ఈ విద్య పండితులనుండి పిల్లలకు దిగివచ్చినదేగాని, పిల్లలనుండి పండితులకు పోలేదు. ఆ దిగివచ్చుటయు మెల్లగ జరిగినది. 1765 ప్రాంతమున లండనులో రాబర్టు సేయరు అను పటముల వర్తకుడు, అచ్చొత్తిన యొక కాగితమును నాలుగు భాగములుగ మడచి, దానిపై మీద సగము క్రింద సగము రెక్కల నమర్చి యమ్మెను. పై రెక్క నెత్తినచో తల మారును. క్రింది రెక్క దింపినచో కాళ్లు మారును. కథ ముందునకు సాగును. ఆనాటి నాటకశాలలలో పేరొందిన హార్లెక్విన్ అను విదూషకుని కథలు వానిలో తరచుగ నుండుటచే వానికి హార్లెక్వినేడులని పేరు కలిగెను. రంగులేని ప్రతి వెల ఆరు పెన్నీలు. రంగు వేసినది ఒక షిల్లింగు.

1821లో గ్రిమాల్డీ యను చిత్రకారుని బొమ్మలతో ఆయన కుమారుడు ప్రకటించిన చిన్న పుస్తకమున బాలికల యలంకరణ సామగ్రి చిత్రింపబడినది. ఒక్కొక సామగ్రి బొమ్మను పైకెత్తినచో దానిక్రింద నొక సద్గుణము కనబడును. అద్దము క్రింద వినయ ముండును. నీతి చెప్పు తొందరలో ఈ గ్రంథకర్తలు బిడ్డను మరచిరని మాకు తోచును. అయినను మూత యెత్తవలెనను కోరికను పుట్టించిరి గనుక, వారి నీతి తక్కిన నీతులకంటె కొంచె మెక్కువగ చెవికెక్కి యుండును.

పందొమ్మిదవ శతాబ్దపు నడిమి భాగమున లండనులోని డీన్ అండ్ సన్ అను సంస్థవారు ఈ పనిని పెద్ద వర్తకముగ జేసిరి. రిబ్బను లాగినంతనే, వరుసలుగ కోసిన అట్టబొమ్మలు ఒకదాని వెనుక నొకటి లేచి రంగస్థలమువలె నిలుచును. పిల్లల కదలుబొమ్మల పుస్తకములకు తామే మూలపురుషులమని వారు చాటుకొనిరి. సేయరు సంగతి యెరిగిన మన చదువరులు ఆ చాటింపును తగినంత మట్టునకే నమ్ముదురుగాక. ఆ శతాబ్దము చివర రంగుల ముద్రణమున జర్మనులను మించినవారు లేకుండిరి. న్యూరెంబర్గు నగరపు ముద్రాపకుడు ఎర్నెస్టు నిస్టరు చేసిన పుస్తకములలో పట్టీని లాగినంతనే ఒక బొమ్మ కరగిపోయినట్లు తొలగి దానిచోట మరియొకటి వచ్చును. చూచుటకు మిక్కిలి సొగసైనవే. కాని యతని బొమ్మలలో పిల్లలందరును ఎప్పుడును ఉతికిన బట్టలతో, దువ్విన తలలతో నుందురు. వారితో ఆడుకొనవలెనని మాకు బుద్ధి పుట్టదు.

మ్యూనిక్ నగరవాసియగు లోథార్ మెగ్గెన్‌డార్ఫరు అట్టివాడు గాడు. 1847లో పుట్టి 1925లో మరణించిన ఈయన హాస్యపత్రికలకు బొమ్మలు వేసి జీవించినవాడు. తన కుమారునికి క్రిస్మసు కానుకగ నీయవలెనని మొదటి కదలుబొమ్మల పుస్తకమును చేసెనని చెప్పుదురు. అది మొదలు ఆయన పుస్తకములు అనేక భాషలలో వ్యాపించినవి. ఆయన మనుష్యులు అందగాండ్రు గారు. పొట్టలు పెరిగినవారు, ముక్కులు పొడుగైనవారు, కోపిష్ఠులు, తొందరపాటువారు. పట్టీ లాగినచో ఆ కోపము, ఆ తొందర కదలివచ్చును.

ఆ పుటల లోపలి యేర్పాటు గ్రహింపదగినది. ఆయన పుట ఒక్క కాగితము గాదు; రెండు కాగితముల నడుమ సంచివంటి చోటుండును. ఆ సంచిలో అట్టతో కోసిన మీటలు దాగియుండును. మీటను మీటకు తగిలించుటకు ఆయన సన్నని రాగితీగను చిన్న చుట్టగ చుట్టి కీలుగ నుపయోగించెను. ఆ చుట్ట మీటను తిరుగనిచ్చును గాని యూడనీయదు. మన తోలుబొమ్మలలో భుజమును, మోచేతిని దారపు ముడితో కీలు కట్టుట ఇట్టిదే. కాని తోలుబొమ్మ చేతుల నాడించుటకు వేరువేరు పుల్లలు కావలెను. మెగ్గెన్‌డార్ఫరు బొమ్మకు పట్టీ యొక్కటే. ఆ యొక్క పట్టీని లాగగా కన్నులు తిరుగును, దవడ జారును, చేయి లేచును. అన్నియు నొకేమారు గాదు. మీటల పొడవులను, కీళ్ల స్థానములను లెక్కించి పెట్టుటచే ఒకదాని తరువాత నొకటిగ కదలును. అందువలన హాస్యము బొమ్మలో సగము, లాగువాని చేతిలో సగము ఉండును. మెల్లగ లాగినచో ఒక నవ్వు. చటుక్కున లాగినచో వేరొక నవ్వు. 1887లో ఆయన చేసిన సర్కసు పుస్తకమున ఆరు రంగములు మడతలు విప్పుకొని గుండ్రముగ నిలుచును. ఆటగాండ్రు, గుఱ్ఱములు, వాద్యగాండ్రు, చూడవచ్చిన జనము, అన్నియు కలిసి వందలకొలది బొమ్మలు. చూడవచ్చినవారిలో ఒక్కొకరి ముఖ మొక్కొక తీరు. అంత శ్రమ పడవలసిన పని లేకున్నను ఆయన పడెను.

ఇట్టి పుస్తకము చినుగునని ఆయనకు తెలియదా? బాగుగ తెలియును. తన పుస్తకములలో నొకదానియందు, మెల్లగ లాగుడని, తొందరపడినచో బొమ్మలు విరిగి బాధపడునని పిల్లలను పద్యరూపమున బ్రతిమాలెను. బ్రతిమాలెనేగాని ముట్టవద్దనలేదు.

నేడు మెగ్గెన్‌డార్ఫరు పుస్తకములు మ్యూజియములలోను, ధనికుల సంగ్రహములలోను ఉన్నవి. పట్టీలన్నియు చెడక నిలిచిన ప్రతి దొరకుట మిక్కిలి యరుదు. దొరికినచో వెల మెండు. ఇచ్చట మా కొక యాలోచన కలుగుచున్నది. నూరేండ్లకు మించి చెక్కుచెదరక నిలిచిన ప్రతి యెట్టిది? ఏ బిడ్డయు మనసార లాగనిది. ఏ యింటనో పై యరలో పడియుండి, ఏ పిల్లవానికిని దక్కక, తుదకు వేలంపాటకు వచ్చినది. పట్టీ యూడి, మరల నంటింపబడి, అట్ట మూల నలిగి, చినిగినచోట కాగితపు ముక్క యతికింపబడి యున్న ప్రతి కొక నవ్వుల చరిత్ర కలదు. వెల నిర్ణయించువారు మొదటిదానిని మంచి ప్రతి యందురు. రెండవదానిని చెడిన ప్రతి యందురు. వారి వృత్తికి ఆ మాట తగును, బడికి తగదు.

చేతులకు జడియుట దుకాణదారులకును కలదు. కుందేటి కథలతో ప్రసిద్ధినొందిన బియాట్రిక్సు పాటర్ 1906లో ఒక చిన్న కథను పుటలుగ గాక, విప్పినచో పొడుగుగ సాగు మడతపట్టముగ ప్రకటించెను. పిల్లలకది నచ్చెను. కాని కొనవచ్చినవారు దుకాణములోనే దానిని విప్పి చూచుటయు, మరల మడువలేక వదలిపోవుటయు జరుగగా వర్తకులు దానిని సరకుగ పెట్టుకొనుటకే యిష్టపడకుండిరి. పిమ్మట అది మామూలు పుస్తకముగ మారెను. పుస్తకమును చూచుటకు వచ్చినవాడు దానిని తాకెనని విసుగుకొన్న వర్తకుల నేమందుము?

1914లో మొదలైన యుద్ధముతో జర్మనీనుండి ఇంగ్లండునకు వచ్చు రంగుల పుస్తకములు నిలిచిపోయెను. ఆ తరువాతి యుగమున మాకు నచ్చినవాడు లూయీ గిరో. 1929లో లండనులోని డెయిలీ ఎక్స్‌ప్రెస్ పత్రికవారి పిల్లల వార్షికసంచికతో ప్రారంభించి, పిమ్మట బుకానో కథలను పేరుతో ఇరువదియవ శతాబ్దపు నడిమివరకు ఈయన సంపుటములను వెలువరించెను. పుట తెరచినంతనే బొమ్మ నడుమ లేచి నిలుచును. ఏ వైపునుండి చూచినను నిండుగ నుండును. కాగితము మోటు, రంగులు ముతక. నిస్టరు పుస్తకము ప్రక్కన బుకానో పెట్టినచో పట్టుచీర ప్రక్కన నేతగుడ్డవలె నుండును. కాని వెల తక్కువ. పత్రిక కొను సామాన్య కుటుంబముల పిల్లలకది చేరెను. అమెరికాలోను ఆర్థిక మాంద్యపు దినములలోనే, 1932లో, న్యూయార్కులోని బ్లూ రిబ్బన్ సంస్థవారు పినోకియో మొదలగు కథలను లేచుబొమ్మలతో ప్రకటించి, పాప్-అప్ అను పేరును తొలిసారిగ వాడిరి. జనము చేతిలో డబ్బులేని కాలముననే ఈ పుస్తకములు ప్రబలుట మా వాదమునకు బలము నిచ్చుచున్నది. చౌకయైనచో తల్లి బిడ్డ చేతికిచ్చును, ప్రియమైనచో దాచును. బిడ్డ తెలివితో దీనికి సంబంధము లేదు.

అయినను పుస్తకము చినుగుట యొక చిన్న సంగతి యని మేము చెప్పబోము. ఇచ్చట ఎదుటిపక్షపు మాటను గౌరవింపవలసిన కారణ మొకటి కలదు; వారు సాధారణముగ చెప్పు కారణముకంటె అది గట్టిది.

రెండవ ప్రపంచయుద్ధానంతరము ప్రాగు నగరమున వోయ్‌టెక్ కుబాష్టా యను చిత్రకారుడు, వాస్తువిద్య నభ్యసించినవాడు, ఒక్క గట్టి కాగితమును కోసి మడచి ఓడలను, అడవులను, రాజప్రాసాదములను లేవనెత్తు పుస్తకములు చేసెను. ఆర్టియా యను ప్రభుత్వ ప్రచురణసంస్థ వానిని పలు భాషలలో లోకమునకు పంపెను. వానిని చూచి ముగ్ధుడైన వాల్డో హంట్ అను అమెరికను ప్రకటనవ్యాపారి, వానిని తన దేశమున కొనిపోవ యత్నించి విఫలుడై, 1964లో తానే యొక సంస్థను స్థాపించి అమెరికాలో ఈ విద్యను తిరిగి బ్రతికించెను. కాని ఈ పుస్తకముల తయారీలో యంత్రములు చేయగల పని సగమే. అచ్చొత్తుట, ముక్కలు కోయుట యంత్రముల పని. మడచుట, చీలికలలో నాలుకలను దూర్చుట, చుక్క చుక్కగ బంక వేయుట, పుటను మూసి తెరచి చూచుట చేతుల పని. అందుచే కూలి తక్కువగనున్న దేశములు వెదకబడెను. జపాను, సింగపూరు, కొలంబియా, పిమ్మట థాయిలాండు, చైనా. పోలండులో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన యాన్ పియెన్‌కోవ్‌స్కీ 1979లో వెలువరించిన దయ్యాల యింటి పుస్తకము ఇంగ్లండున గొప్ప బహుమానము నందినది. ఆ పుటలు కొలంబియాలోని కాలీ నగరమున కార్మికుల చేతులలో రూపొందినవి. ఒక్క పుస్తకము పూర్తియగుటకు పదులకొలది మనుష్యుల చేతులు మారవలెను. ఇది నేటికిని మారలేదు. పుస్తకము మొదటి పుటపై చిత్రకారుని పేరుండును. మడతల లెక్కకట్టిన కాగితపు ఇంజనీరు పేరును ఇప్పుడు వేయుచున్నారు. అంటించినవారి పేరు లుండవు.

కావున బిడ్డ యొక పట్టీని పీకివేసినప్పుడు, ఎవరో దూరదేశపు తల్లి యంటించిన ముక్కను పీకివేసినట్లే. ఈ సంగతి బిడ్డకు చెప్పవలెను. చెప్పినచో బిడ్డ గ్రహించును. బీరువా తాళము ఆ సంగతి చెప్పలేదు. పదిలముగ పట్టుకొనుట నేర్పవలెనన్నచో పట్టుకొననీయవలెను గదా! ఈత నేర్చువరకు నీటిలో దిగవద్దనువాని మాటవలె నున్నది మన గ్రంథాలయముల నియమము.

ఈ పుస్తకములలోను తారతమ్యము లున్నవి. లేచిన బొమ్మ గొప్పదైనకొలది బిడ్డ పని తగ్గిపోవుట మేము గమనించితిమి. రాబర్టు సబూడా యను అమెరికను శిల్పి 2000లో ఓజు మాంత్రికుని కథకు చేసిన పుస్తకమున, పుట తెరచినంతనే కాగితపు సుడిగాలి గిరగిర తిరుగుచు లేచును. మాథ్యూ రైన్‌హార్టుతో కలిసి 2005లో చేసిన రాక్షసబల్లుల పుస్తకము మరింత యద్భుతము. వారి నేర్పునకు మేము జోహారులర్పింతుము. కాని యా పుటయెదుట పిల్లవాడు ప్రేక్షకుడు. నోరు తెరచి చూచును, మరల చూచును, అంతే. కథ యొక మూల చిన్న యక్షరములతో నణగియుండును; దానిని చదువువారు తక్కువ. ఈ పుస్తకములు చదువును మరపించునని ఫిర్యాదు చేయువారికి మేమిచ్చు సమాధానము, వానిలో కొన్ని మరపించుమాట నిజమే యనుట.

దీనికి మారుగ ఎరిక్ హిల్ 1980లో ప్రకటించిన స్పాట్ అను కుక్కపిల్ల కథను చూడుడు. తల్లికుక్క తన పిల్లను వెదకును. తలుపు వెనుక నున్నదా? రెక్క నెత్తినచో ఎలుగుబంటి. గడియారములోనా? పాము. మంచము క్రిందనా? మొసలి. లేదు, లేదు, లేదు. తుదకు గంపలో దొరకును. కాగితపు ఘనకార్య మేదియు లేదు. ప్రతి పుటకు ఒక రెక్క, ఒక ప్రశ్న. తాను చేయుచున్న ప్రకటనకాగితపు రెక్కలను ఎత్తి చూచుటలో తన చిన్న కుమారునికి గలిగిన యానందమును జూచి ఆయన దీనిని చేసెనట. రెండేండ్ల బిడ్డకు ప్రశ్నయనగా నేమో, ఊహించుటయనగా నేమో, ఊహ తప్పినచో నవ్వి ముందునకు పోవుటయెట్లో ఈ చిన్న పుస్తకము నేర్పుచున్నది. బీరువాలో నున్నప్పుడు అది ప్రశ్న గాదు. మూసిన తలుపు మాత్రమే.

వెల యెక్కువగుటచే ఇట్టివి మా వంటివారికి అందవని తల్లిదండ్రు లనవచ్చును. దానికి యూక్లిడు చదువు విద్యార్థులే సమాధానము చెప్పగలరు. పాత లెక్కల పుస్తకపు అట్ట, కత్తెర, మైదాపిండి బంక యున్న చాలును. ఒక కాగితమును నడిమికి మడచి, మడత వైపునుండి సమానమైన పొడవుగల రెండు గాట్లు పెట్టి, నడిమి పట్టీని లోపలివైపునకు త్రోసి, పుటను లంబకోణముగ తెరచినచో మెట్టువలె నొక పెట్టె నిలుచును. దాని ముందు భాగమున బొమ్మ నంటించినచో రంగస్థలము సిద్ధము. గాటు పొడవు పుట వెడల్పులో సగమునకు మించరాదు; మించినచో పుస్తకము మూసినప్పుడు బొమ్మ తల అంచుదాటి వెలికి వచ్చును. ఏల వచ్చునో పై తరగతి విద్యార్థి సమాంతరచతుర్భుజమును తలచుకొని చెప్పగలడు. చెప్పలేకున్నచో ఒక కాగితము పాడుచేసి తెలిసికొనుగాక. కాగితమునకు ఇంతకంటె మంచి వినియోగము లేదు.

మన గ్రంథాలయాధికారులకు మా విన్నపము పెద్దది గాదు. అట్టి పుస్తకములు రెండో మూడో బీరువాలో నున్నచో, వారమున కొక పీరియడు వానిని చిన్న తరగతుల బల్లపై పెట్టింపుడు. ఒక పుస్తకమునకు నలుగురికి మించి కూర్చుండనీయకుడు. నలువదిమంది నడుమ నలుగుట పుస్తకమునకును మంచిది గాదు. చేతులు కడుగుకొని రమ్మనుడు. పట్టీని అంచునకు సమముగ లాగవలెనని, ఎదురు తగిలినచో బలము చేయరాదని ఒకమారు చూపి, పిమ్మట ఆ గదిలో ఇంకొక పని చూచుకొనుడు. బల్ల మూలను ఒక చిన్న డబ్బాలో బంకయు, పలుచని గట్టి కాగితపు పట్టీలును, మొన లేని కత్తెరయు నుంచుడు. చింపినవానిని కొట్టవలదు, ఆ డబ్బాను వాని చేతికిచ్చి ప్రక్కన కూర్చుండుడు. బంక యారుటకు ఇంచుమించుగ అరగంట పట్టును. అంతవరకు పుటను తెరవకుండ ఓర్చుకొనుట వానికి కష్టముగనే యుండును.